నూటయాభయ్యో వంతు పెళ్లి

పెళ్లికూతురి దోసిలి విడిపోయిన మరుక్షణం ఆ ఫ్రేములో ఏమేమి ఉన్నాయో చూడండి. పసుపు కలిపిన బియ్యం, మధ్యమధ్య తెల్ల ముత్యాలు, గాలికి లేచిన పసుపు పొడి, వెనక బంతిపూల తెర, పందిరి సందుల్లోంచి పడి వణుకుతున్న ఎండ మచ్చలు. ఏ గింజకూ పక్క గింజతో పొత్తు లేదు. ఒకటి పెళ్లికొడుకు తలపాగా మీద పడి ఎగిరింది, ఒకటి ముక్కు మీదుగా జారింది, గుప్పెడు గింజలు కెమెరా వైపే వచ్చి మసకగా పెద్దవయ్యాయి. వీడియోను కుదించే ఏ పద్ధతికైనా ఇంతకు మించిన పరీక్ష పెట్టడం కష్టమనిపిస్తుంది. మామూలుగా ఇలాంటి చోట బొమ్మ గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. గింజలన్నీ కలిసి పసుపు ముద్దవుతాయి. ముఖాల్లో చర్మం పోయి నునుపు మాత్రం మిగులుతుంది. నేను చూసిన కాపీలో గింజ గింజగానే ఉంది. ముత్యానికీ బియ్యానికీ తేడా తెలుస్తోంది. పెళ్లికొడుకు కనురెప్ప మీద నిలిచిన పసుపు నలుసు కూడా ఉంది.

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలం కొండకల్ దగ్గర ఒక తోటలో జరిగిన పెళ్లి అది. కొండకల్ అంటే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది 2023 జూన్‌లో ప్రారంభమైన మేధా రైలు పెట్టెల ఫ్యాక్టరీ. కానీ చేవెళ్ల, మొయినాబాద్, శంకరపల్లి చుట్టుపక్కల ఏ ముహూర్తాల నెలలో తిరిగినా కనిపించే పెద్ద పరిశ్రమ ఇంకొకటుంది: పెళ్లిళ్లు. తోటలు, ఫంక్షన్ హాళ్లు, వాటి వెనకే డ్రోన్లు, జిబ్బులు, ఎల్‌ఈడీ తెరలు. ఆ పెళ్లిళ్ల ఫుటేజ్ అంతా చివరికి చేరేది ఎడిటింగ్ గదుల్లోని హార్డ్‌డిస్కుల్లోకి. ఈ పెళ్లి చేవెళ్లలో ఒక చిన్న గదికి చేరింది. ఆ గది నుంచి పెన్‌డ్రైవ్‌లో బయటికొచ్చింది రెండున్నర గంటల సినిమా, 9 జీబీ ఫైలు.

ఆ 9 ఎంత చిన్న సంఖ్యో లెక్క వేస్తేగాని తెలియదు. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. ఏమీ తీసేయకుండా, ఏమీ మడవకుండా దాస్తే సెకనుకు 155 ఎంబీ పైమాటే. మంగళసూత్రం కట్టే ఒక్క నిమిషానికే 9 జీబీ దాటుతుంది. మొత్తం పెళ్లి 1.4 టీబీ. అందులో నూటయాభై అయిదింట ఒక వంతు మాత్రమే ఆ పెన్‌డ్రైవ్‌లో ఉంది. మిగతా 154 వంతులు ఎక్కడికి పోయాయో వెతికితే కనిపించవు. నా ఆశ్చర్యమంతా అక్కడే మొదలైంది. సంగీతాన్నో శిల్పాన్నో మెచ్చుకునేటప్పుడు ఉన్నదాన్ని చూసి మెచ్చుకుంటాం. ఇక్కడ మెచ్చుకోవాల్సింది తీసేసినదాన్ని. తీసేసిన జాడ తెలియకపోవడమే పనితనం. తెలిసిందంటే పని చెడినట్టే.

తెలుగువాళ్లకు ఈ రుచి కొత్తదేమీ కాదు. తిక్కన భీష్మపర్వంలోకి వచ్చి, 700 శ్లోకాల గీతను కొద్ది పద్యాల్లో ముగించి యుద్ధంలోకి నడిచిపోయాడు. చదివేవాడికి అర్జునుడి చేతులు మళ్లీ గాండీవం మీదికి వెళ్లడం కావాలని ఆయనకు తెలుసు. గీత మీద భక్తి లేక చేసిన పని కాదది. కథ నడకలో ఎక్కడ ఎంతసేపు నిలబడాలో తెలిసినవాడి పని. కీచకవధ దగ్గర అదే తిక్కన ఎంత తీరిగ్గా నిలబడ్డాడో చూస్తే, గీత దగ్గర మిగిల్చింది ఎందుకు మిగిల్చాడో అర్థమవుతుంది. వీడియో కుదింపులో మంచి పనివాడు చేసేదీ ఇదే: ఒకచోట గీసి గీసి మిగిల్చి, ఇంకోచోట దోసిళ్లతో పోయడం.

మొదటి కోత రంగు మీద పడుతుంది. అది కెమెరాలోనే అయిపోతుంది, ఎవరినీ అడగరు. బొమ్మలోని వెలుగునీడలను ఒక పొరగా, రంగును వేరే పొరలుగా విడదీస్తారు. వెలుగు పొరలో ప్రతి చుక్కకూ లెక్క ఉంటుంది. రంగు పొరల్లో నాలుగు చుక్కలకు కలిపి ఒకటే లెక్క. దీంతో మొత్తం బరువు సగానికి పడిపోతుంది. సగం సరుకు దించేసినా ప్రపంచంలో దాదాపు ఎవరూ గుర్తుపట్టరు. ఎందుకంటే మన కన్ను అంచును, ఆకారాన్ని, ముడతను పట్టుకునేది వెలుగు తేడాతోనే. రంగు విషయంలో అది ఉదారంగా ఉంటుంది, కాస్త అటూ ఇటూ పులిమినా సర్దుకుపోతుంది. అసలు రంగు బొత్తిగా లేకపోయినా మనం సర్దుకుపోలేదా? 1957 నాటి మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లీ ఉత్త వెలుగునీడలతో పుట్టించిన వెన్నెలను, 2010లో గోల్డ్‌స్టోన్ వాళ్లు రంగులద్ది విడుదల చేసేదాకా, అర్ధశతాబ్దం పైగా తెలుగువాళ్లు నలుపు తెలుపుల్లోనే చూసి పరవశించారు. ఆ నీళ్ల మీద మెరుపు నీలమా, వెండా అని ఎవరూ అడగలేదు.

అయితే ఈ ఉదారతకూ హద్దుంది. ఈ పెళ్లి సినిమాలో ఆ హద్దు పట్టుచీర అంచు దగ్గర తగులుతుంది. ముదురు ఎరుపు చీర, ఆకుపచ్చ అంచు, రెండిటి మధ్య వెంట్రుకవాసి జరీ గీత. ఎరుపుకీ ఆకుపచ్చకీ వెలుగులో పెద్ద తేడా లేదు, ఉన్న తేడా అంతా రంగులోనే. ఆ రంగు నాలుగు చుక్కలకోసారి మాత్రమే నమోదైంది కాబట్టి, దగ్గరికెళ్లి చూస్తే ఎరుపు ఆకుపచ్చలోకి కొద్దిగా కారినట్టుంటుంది. జరీ ఉన్నచోట ఉంది, దాని పదును లేదు. ఇది ఎడిటర్ తప్పు కాదు. కెమెరా దగ్గరే పోయినదాన్ని తర్వాత ఎవరూ తేలేరు. కానీ చీరలు నేసే ఊరివాళ్లెవరైనా ఈ సినిమా చూస్తే వాళ్ల కన్ను మొట్టమొదట అక్కడే ఆగుతుంది.

ఇక కాలం. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. సినిమా మొదట్లో డ్రోన్ షాట్ ఒకటుంది. పొద్దున్నే చామంతి, బంతి తోటలు, వాటికవతల శంకరపల్లి వైపు వెళ్తున్న రైలు. దాన్ని 25 ఫ్రేములుగా ఒక్కో సెకనూ కొత్తగా రాయడం దండగ. మొదటి ఫ్రేమును పూర్తిగా రాసుకుంటారు. రెండో ఫ్రేముకు వచ్చేసరికి, "ఈ ముక్క ఇందాకటి ముక్కే, కాస్త ఎడమకు జరిగింది" అని ఒక్క మాటతో సరిపెడతారు. ఎంత జరిగిందో పావు చుక్క తేడాతో చెప్పగలరు. కిటికీలు, తలుపులు, నీలం రంగు అన్నీ పాతవే, చోటు ఒకటే కొత్తది. ఇనుప పట్టాల మీద తిన్నగా నడిచే రైలు కన్నా ఈ పద్ధతికి ఇష్టమైన వస్తువు ఉండదు. తన కోసమే కట్టినట్టుంటుంది.

ఇంకా ముచ్చటైన సంగతి, కొన్ని ఫ్రేములు వెనక్కే కాక ముందుకు కూడా చూస్తాయి. రైలు వెళ్లిపోయాక బయటపడే తుమ్మచెట్టు ముందటి ఫ్రేములో ఉండదు, తర్వాతి ఫ్రేములో ఉంటుంది. అందుకని తర్వాతి ఫ్రేమును ముందే రాసిపెట్టుకుని, మధ్యలోదాన్ని ఆ రెండిటి నుంచీ అల్లుకుంటారు. ఫైలు లోపల ఫ్రేములు మనం చూసే వరసలో ఉండవు. జరగబోయేది ముందు, జరుగుతున్నది తర్వాత. మన తెర మీదికి వచ్చేసరికి మళ్లీ వరస కుదురుతుంది. చివర్లో జరిగింది ముందు చెప్పి, మధ్య కథను రెండు కొసల నుంచీ పూరించే కథకులు మనకు ఉన్నారు. ఒక యంత్రం ప్రతి సెకనులో ఎన్నోసార్లు ఆ పని చేస్తుందంటే నాకు వినోదంగా ఉంటుంది.

దీనికి పెద్ద శత్రువు మాత్రం పెళ్లి పందిట్లోనే తిరుగుతుంటాడు: ఫోటోగ్రాఫర్. ఆయన ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ బొమ్మ మొత్తం తెల్లబడి, తర్వాతి ఫ్రేములో మామూలవుతుంది. ఇందాకటి ముక్క ఇప్పుడు పనికిరాదు, అన్నీ కొత్తగా రాయాలి. జీలకర్ర బెల్లం దగ్గర, సూత్రధారణ దగ్గర, అంటే బొమ్మ బాగుండాల్సిన క్షణాల్లోనే, నలుగురు ఫోటోగ్రాఫర్లు నాలుగు దిక్కుల నుంచీ ఫ్లాషులు కొడతారు. సెకనుకు ఇన్ని బిట్లే అని గట్టిగా కట్టేసి ఎక్స్‌పోర్ట్ చేసే ఎడిటర్ల పెళ్లిళ్లలో సరిగ్గా మూడుముళ్ల దగ్గర గళ్లు పడేది అందుకే. ఈ సినిమాను ఎడిట్ చేసిన చేవెళ్ల కుర్రాడు అలా కట్టేయలేదు. సైజును వదిలేసి నాణ్యతను పట్టుకున్నాడు. ఏ షాట్‌కు ఎంత కావాలో అంత తీసుకోమని, నాణ్యత మాత్రం ఒక గీత కిందికి దిగొద్దని చెప్పాడు. వాళ్లు దాన్ని సీఆర్ఎఫ్ అంటారు. అంకె చిన్నదైతే బొమ్మ మెరుగు, ఫైలు బరువు. హెచ్.264 పద్ధతిలో కుదించే ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్‌లో ఊరికే వదిలేస్తే ఆ అంకె 23 దగ్గర ఉంటుంది. కుర్రాడు 19 వాడాడు. రైలు షాట్ పొదుపు చేసిందంతా తలంబ్రాలు ఖర్చుపెట్టుకున్నాయి.

"ఫోన్ల మంచిగ కనవడ్తే సాలదు సార్," అన్నాడు. "పెద్ద టీవీల వెట్టుకొని సుట్టాలందరు కూసొని చూస్తరు. గోడ మీద గళ్లు కనవడ్డయంటే, పెళ్లి మంచిగ కాలేదన్నట్టె మాట్లాడ్తరు."

గోడ మీద గళ్లు. ఆ మాటలో ఎంత విషయముందో తెలియాలంటే బొమ్మను ముక్కలుగా చూడాలి. ఎనిమిదికి ఎనిమిది, 64 చుక్కల చిన్న చదరం తీసుకోండి. దాన్ని 64 వెలుగు అంకెలుగా రాయవచ్చు. లేదా బట్టల కొట్లో తానులు పరిచినట్టు 64 నమూనాలు పరుచుకుని, ఏది ఎంత పాలు కలిపితే ఈ చదరం వస్తుందో చెప్పవచ్చు. మొదటి తాను సాదా గుడ్డ, ఏ గీతా లేనిది. తర్వాత వెడల్పు నిలువు చారలు, అడ్డ చారలు, పోనుపోను సన్నచారలు, గళ్లు. అరవైనాలుగోది అతి సన్నని గళ్ల గుడ్డ. ఏ చదరమైనా ఈ 64 తానుల కలయికే. రెండో పద్ధతిలోనూ 64 అంకెలే ఉన్నాయి, ఇంకా ఏదీ తగ్గలేదు. కానీ చెంప, గోడ, ఆకాశం లాంటి చోట్ల మొదటి నాలుగైదు తానులతోనే దాదాపు అంతా వచ్చేస్తుంది. మిగతావాటి పాలు సున్నకు దగ్గర్లో ఉంటుంది. ఇక వాటిని సున్నే అనేస్తే? కోత అసలు పడేది ఆ అనేయడం దగ్గరే.

ఈ 64 తానుల విద్య పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1974 జనవరిలో అచ్చయిన ఒక చిన్న పరిశోధన పత్రంలో మొదట బయటపడింది. దాని మీద ముగ్గురి పేర్లు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. బెంగళూరులో పుట్టిన అహ్మద్‌ది మొదటి ఆలోచన. 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను దీనికి డబ్బు అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందన్నట్టు ఒక పరిశీలకుడు రాశాడని అహ్మద్ తర్వాత గుర్తుచేసుకున్నారు. మూడో పేరు, కె.ఆర్. రావు, అంటే కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. 1952లో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదువు ముగించి అమెరికా వెళ్లి, 1966లో ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరి, 2021లో పోయేదాకా అక్కడివారుగానే ఉన్నారు. ఆ విద్య మీద పుస్తకాలు రాశారు, తరాల కొద్దీ విద్యార్థులను ఈ పనిలోకి దింపారు. జేపెగ్ ఫొటో, డీవీడీ, కేబుల్ టీవీ, యూట్యూబ్, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ, అన్నిటి కడుపులో ఉన్నది ఆ విద్యే, లేదా దాని బిడ్డలే. తెలుగు సినిమా వందేళ్ల చరిత్రలు రాసేవాళ్లు కెమెరామన్ల పేర్లు, ఎడిటర్ల పేర్లు భక్తితో రాస్తారు. ప్రతి తెలుగు సినిమానూ ప్రతి ఇంటి తెర మీదికి మోసుకొచ్చిన ఈ కామిశెట్టివారి పేరు ఒక్కదాంట్లోనూ నాకు కనిపించలేదు. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

మళ్లీ గోడ దగ్గరికి వద్దాం. ఏ తాను పాలును ఎంత మొరటుగా గుండ్రం చేయాలో, అంటే దగ్గరి మెట్టుకు సర్దాలో, ఒక అంకె నిర్ణయిస్తుంది. హెచ్.264లో అది సున్న నుంచి 51 దాకా, ఆరు మెట్లెక్కితే మొరటుదనం రెట్టింపు. మొరటుదనం పెరిగేకొద్దీ సన్నచారలన్నీ పోయి, పక్కపక్క చదరాల మధ్య అతుకు బయటపడుతుంది. గోడ మీద గళ్లంటే ఆ అతుకులే. మర్రిచెట్టులో అవే అతుకులు ఉన్నా కనిపించవు. చేవెళ్ల రోడ్డు మీద, హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో, రోడ్డు వెడల్పు కోసం కొట్టేయబోతే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి జనం పోరాడిన ఆ మర్రుల కింద ఈ పెళ్లివాళ్లు కొన్ని షాట్లు తీశారు. లక్ష ఆకులు, ఊడలు, వాటి నీడలు. ఆ ఆకుల్లో పదో వంతు తప్పుగా రాసినా మీరు చూస్తున్నది మర్రే. ఏ ఆకు ఎక్కడుందో కన్ను లెక్కపెట్టదు. సున్నం గోడ మీద ఒక్క చదరం ఒక్క పిసరు ముదురైతే మాత్రం కన్ను వదలదు.

అందుచేత కుదించే పని చేసే మంచి ఎన్‌కోడర్ మొదటి చూపుకు తలకిందులుగా కనిపించే న్యాయం చేస్తుంది. బొమ్మలో బోలెడంత వివరమున్న మర్రి నుంచి బిట్లు లాక్కుని, ఏ వివరమూ లేని గోడకు, ఆకాశానికి, చెంపకు ఇస్తుంది. లేనివాడికి పెట్టడమన్నమాట. లెక్క ప్రకారం చూస్తే ఇది నష్టమే. అసలు బొమ్మకూ కుదించిన బొమ్మకూ చుక్క చుక్కకూ తేడా కొలిస్తే, ఈ న్యాయం పాటించిన కాపీలో మొత్తం తేడా పెరుగుతుంది. కళ్లతో చూస్తే అదే అందంగా ఉంటుంది. ఎక్స్264 రాసినవాళ్లు ఇంకో అడుగు వేశారు. జుట్టు, గడ్డి, ఉన్ని శాలువా లాంటి చోట సరైన వివరం దాచడానికి బిట్లు చాలకపోతే, నున్నగా చేసి నిజానికి దగ్గరగా ఉంచడం కన్నా, కాస్త తప్పయినా గరుకును గరుకుగానే ఉంచడం మేలని తేల్చారు. తప్పు వెంట్రుక లేని వెంట్రుక కన్నా నయం. కొలబద్ద ఒప్పుకోకపోయినా కన్ను ఒప్పుకుంటుంది. ఆ తగువు తీర్చడానికే 2016లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లు మనుషుల చేత వీడియోలకు మార్కులు వేయించి, ఆ మార్కులను ఊహించేలా ఒక కొత్త కొలబద్దను తయారుచేసి అందరికీ ఇచ్చారు. వీమాఫ్ అంటారు దాన్ని. చివరికి ఇంజినీర్లు కూడా సహృదయుడైన ప్రేక్షకుడి దగ్గరికే రావలసి వచ్చింది. మన ఆలంకారికులు వెయ్యేళ్ల కిందే కూర్చోబెట్టిన కుర్చీ అది.

ఈ సినిమాలో నన్ను కూర్చోబెట్టేసిన షాట్ మాత్రం తలంబ్రాలదీ కాదు, మర్రిదీ కాదు. పెళ్లికి ముందు గండిపేట దగ్గర తెల్లవారుజామున తీసింది. ఏమీ లేదందులో. చెరువు, మంచు, మంచులోంచి పొద్దు ఎక్కడో ఉందన్న అనుమానం, ఒక మూల ఇద్దరు మనుషుల నల్లటి ఆకారాలు. బూడిదరంగు కింద నుంచి పైకి పోతూ ఎప్పుడు లేతగులాబీ అయిందో చెప్పలేం. కుదింపులో ఇంత కఠినమైన షాట్ ఇంకోటి లేదంటే చాలామంది నమ్మరు. మామూలు ఎనిమిది బిట్ల వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా ఉండేది 256 మెట్లు, టీవీ లెక్కలో అయితే ఇంకా తక్కువ, 220. ఈ మంచు మొత్తం అందులో ఏ పాతిక మెట్లలోనో ఇరుక్కుని ఉంటుంది. పాతిక మెట్లను వెయ్యి వరసల ఎత్తు మీద పరిస్తే ఒక్కో మెట్టు నలభై వరసలు. అప్పుడు ఆకాశంలో మంచు కనిపించదు, ఒకదానిమీదొకటి పేర్చిన పట్టీలు కనిపిస్తాయి. ఎడిటర్లు దీన్నే బ్యాండింగ్ అంటారు. మన సినిమాల్లో సూర్యోదయాలు ఓటీటీలో చూసినప్పుడు ఆకాశం పొరలుపొరలుగా కనిపించేది దీనివల్లే. కెమెరామన్ తెల్లవారుజామున లేచి పడిన కష్టమంతా అక్కడ బూడిదలో పోస్తారు.

ఈ కాపీలో పట్టీల్లేవు. నేను తెరకు జానెడు దూరంలోకి వెళ్లి చూశాను. బూడిదరంగు ఒక్కచోట కూడా మెట్టు దిగలేదు, జారింది. మంచులో సన్నని గరుకు కదులుతోంది. రహస్యం రెండు చోట్ల ఉంది. కెమెరామన్ పది బిట్లలో తీశాడు, అంటే 1024 మెట్లు. ఎడిటర్ దాన్ని ఎనిమిదికి దించేటప్పుడు మెట్ల అంచులను సన్నని గరుకుతో చెదరగొట్టాడు. మెట్టు ఎక్కడ మారుతుందో అక్కడ చుక్కలను అటూ ఇటూ కలిపేస్తే, గీత ఉండాల్సిన చోట గీత ఉండదు. శుభ్రమైన బొమ్మ కోసం మురికి కలపడం! వినడానికి ఎంత విడ్డూరంగా ఉన్నా, ఆ చారెడు మురికే లేకపోతే మంచు లేదు. ఆ గరుకును సున్నాలుగా ఊడ్చిపారేయకుండా ఎన్‌కోడర్ చేయి పట్టుకోవడం మరో కష్టం. కుర్రాడు ఈ ఒక్క షాట్ కోసం ఎక్స్‌పోర్ట్ ఎన్నిసార్లు చెరిపి చేశాడో నేనడగలేదు. షాట్ చూస్తే తెలుస్తూనే ఉంది.

హెచ్ఈవీసీలో పది బిట్లకే ఇస్తే ఇంత అవస్థ ఉండేది కాదు. 2013లో వచ్చిన ఆ పద్ధతి దాదాపు సగం బిట్లతో ఇదే బొమ్మ ఇస్తుంది. చదరాలు 64 చుక్కల దాకా పెద్దవి కావచ్చు కాబట్టి ఆకాశానికి ఒకటి రెండు మాటలు చాలు. ఎందుకివ్వలేదంటే, "పాత టీవీలల్ల ఆడది సార్, నల్లగొస్తది. మల్ల నాకే ఫోన్ జేస్తరు" అన్నాడు. నిజమే. ఏ పెళ్లివారి బంధువుల ఇళ్లలో ఏ టీవీ ఉందో ఎవరికి తెలుసు? ఇంటివాళ్లకు పెన్‌డ్రైవ్‌లో హెచ్.264, తన దగ్గర దాచుకునేదానికి హెచ్ఈవీసీ. ఆ దాచుకునేదే అసలు తల్లి కాపీ. పెన్‌డ్రైవ్‌లోది తీసుకుని మళ్లీ కుదించి వాట్సాప్‌లో పెడతారని, అక్కడ అది ఇంకోసారి నలుగుతుందని, దాన్ని డౌన్‌లోడ్ చేసి స్టేటస్‌లో పెట్టినవాళ్లు మూడోసారి నలుపుతారని అతనికి తెలుసు. ఒకసారి గుండ్రం చేసినదాన్ని మళ్లీ గుండ్రం చేస్తే ఇంకా కొంత పోతుంది. అందుకని వాట్సాప్‌లో పంపేవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమని చెప్తాడు, అలా అయితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎవరూ వినరు.

2018లో వచ్చిన ఏవీ1 అనే పద్ధతిలో ఒక విచిత్రముంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. పాత సినిమాల ఫిల్ములో సన్నని గింజలాంటి గరుకు ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. ప్రతి ఫ్రేములోనూ కొత్తది, అందుకే కుదింపుకు తలంబ్రాల కన్నా ఖరీదైనది. ఏవీ1 ఆ గరుకును మొత్తం తీసేసి, అది ఎలాంటిదో నాలుగు ముక్కల్లో రాసుకుని, చూసేటప్పుడు మన టీవీలోనే కొత్త గరుకు పుట్టించి పైన చల్లుతుంది. తెలివైన పనే. మాయాబజార్ నీళ్ల మీది వెన్నెల మీద అలా చల్లితే మాత్రం నేను ఒప్పుకోను. బార్ట్లీ ఫిల్ము మీద పడిన వెండి గింజ వేరు, దాని వర్ణన చదివి నా టీవీ అల్లిన గింజ వేరు. రేపు ఆ సినిమాను ఎవరైనా కొత్తగా కుదిస్తే, గింజకయ్యే బిట్లు పెట్టుకోవాల్సిందే.

అప్పగింతల దగ్గర ఈ సినిమా ఎడిటర్ అదే పని చేశాడు. అప్పటికి చీకటి పడింది. పందిట్లో లైట్లు సగం తీసేశారు, కెమెరా ఆ చీకట్లో కన్ను చికిలించుకుని తీసింది కాబట్టి బొమ్మ నిండా మసక గరుకు. ఆ గరుకును తుడిచేస్తే ఫైలు సగమవుతుంది. దానితోపాటే పెళ్లికూతురి తల్లి మెడ మీది ముడతలు, చెంపకు అంటుకున్న తడి వెంట్రుక, ముక్కుపుడక పక్కన వాచిన ఎరుపు అన్నీ పోతాయి. వాటికీ గరుకుకీ తేడా యంత్రానికి తెలియదు. కుర్రాడు ఆ అయిదు నిమిషాలను విడిగా తీసి, మిగతా సినిమా కన్నా ఎక్కువ బిట్లు పోశాడు. ఎక్స్264లో అలా ఒక భాగానికి వేరే హద్దు పెట్టే వీలుంది. పెళ్లి ఎడిటర్లలో దాన్ని వాడేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ తల్లి ముఖం ఆ సినిమాలో ఉత్తమమైన బొమ్మ. వివరంగా ఉన్నందుకు కాదు. ఆ వివరంలో ఏది ఆమెదో, ఏది చీకటిదో విడదీయకుండా వదిలేసినందుకు.

ఇంత రసజ్ఞత చూపించినవాడు టైటిల్ కార్డు దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. బంగారు రంగు అక్షరాలు, వాటి చుట్టూ గుండ్రంగా తిరిగే మెరుపులు, గులాబీ రేకుల వాన, మధ్యలో రెండు హంసలు. కొనుక్కున్న టెంప్లేట్. ప్రతి మెరుపూ ప్రతి ఫ్రేములో కొత్తచోట పుడుతుంది, ఏ రేకూ ఇందాకటి రేకు కాదు. ఎన్‌కోడర్ పాపం అన్నిటినీ నిజమనుకుని పద్ధతిగా దాచిపెట్టింది. ఫైలులో ఏ సెకనుకు ఎంత ఖర్చయిందో చూపించే గీత ఒకటుంటుంది. కుర్రాడు నాకది చూపించాడు. మొత్తం సినిమాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం మూడుముళ్ల దగ్గర లేదు, తలంబ్రాల దగ్గర లేదు, మొదటి పదిహేను సెకన్లలో ఉంది. "అది తీసేయరాదా?" అన్నాను. "అమ్మో, పైసలిచ్చేదే దానికి సార్" అన్నాడు.